సైకిల్ ఆగిన చోట

(ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో, ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం సందర్భంగా ఒక బ్యాంకు ఉద్యోగిని చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మేడం గారు నన్ను పరిచయం చేస్తూ, హైదరాబాద్ నుంచి విశాఖపట్నం దాకా సైకిల్ మీద వెళ్లిన మనిషి అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నా వాటా ఇరవై మూడో వంతు. మేం మొత్తం 23 మందిమి బయల్దేరాం. అందరికంటే చిన్నవాడికి 19 ఏళ్లు, మీ ఈడువాడే. అందరికంటే పెద్దాయనకి 61. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన్ని మేమంతా బాబాయ్ గారు అని పిలిచేవాళ్లం. ఇవాళ నేను చెప్పే దాంట్లో ఎక్కువ భాగం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

దారి సంగతికి వచ్చే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మా అన్నయ్యది మేనరికం. మా మేనమామ కూతుర్నే చేసుకున్నాడు. మా ఇళ్లలో అది మామూలే. మీలో చాలామంది ఇళ్లలోనూ మామూలే అయి ఉంటుంది. పాప పుట్టింది. ఆరేడు నెలలు బాగానే ఉంది. ఆ తర్వాత పాలు తాగడం తగ్గించేసింది. ఒళ్లు తెల్లగా పాలిపోయింది. పొట్ట కాస్త ముందుకొచ్చింది. డాక్టరుకి చూపిస్తే రక్తం తక్కువగా ఉంది, ఐరన్ తక్కువైంది అని టానిక్ రాశారు. నాలుగు నెలల పాటు మా వదిన రోజూ ఆ టానిక్ పట్టింది. పాప ఉమ్మేస్తే మళ్లీ పట్టింది. చివరికి ఇంకోచోట రక్తపరీక్ష చేయిస్తే అది తలసీమియా అని తేలింది. తలసీమియా పిల్లలకి అసలు ముప్పు ఒంట్లో ఐరన్ పేరుకుపోవడం వల్లే వస్తుంది. తను రోజూ బతిమాలి పట్టింది దాన్నేనని తెలిసిన రోజు మా వదిన ఎలా ఏడ్చిందో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

తలసీమియా అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. రక్తంలో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారవ్వాలంటే ఒక జన్యువు కావాలి. అది అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. రెండింటిలో ఒకటి దెబ్బతిన్నా మనిషికి ఏమీ కాదు. చదువుకుంటారు, ఆటలాడతారు, ముసలివాళ్లవుతారు. అలాంటివాళ్లని క్యారియర్లు అంటారు. తాము క్యారియర్లమని వాళ్లకే తెలియదు. ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే మాత్రం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది, బిడ్డకి రెండూ దెబ్బతిన్న జన్యువులే రావడానికి. ప్రతి కాన్పులోనూ అన్న మాట గుర్తుపెట్టుకోండి. మొదటి బిడ్డకి వచ్చింది కదా, రెండో బిడ్డకి రాదులే అనుకోవడానికి లేదు. మన దేశంలో ఏటా 10 వేల మందికి పైగా పిల్లలు ఈ జబ్బుతో పుడుతున్నారని అంచనా. మేనరికంలో ఇద్దరిదీ ఒకే కుటుంబం కాబట్టి ఇద్దరూ క్యారియర్లు అయ్యే అవకాశం పెరుగుతుంది.

మా పాపకి ఇప్పుడు 11 ఏళ్లు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతి సీసాతోనూ కొంత ఐరన్ ఒంట్లోకి వెళ్తుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది గుండెలో, కాలేయంలో చేరుతుంది. అందుకే పొద్దున్నే పరగడుపున గ్లాసు నీళ్లలో మాత్ర కరిగించుకుని తాగుతుంది. రోజూ తాగాలి. పండగైనా, పరీక్షలైనా తప్పదు.

ఇక రక్తం. మే 8న ప్రపంచ తలసీమియా దినం జరుపుతారు. మాకు ఏడాదిలో రక్తం దొరకని నెల కూడా అదే. కాలేజీలకు సెలవులు కాబట్టి రక్తదాన శిబిరాలు ఉండవు, దాతలు ఊళ్లు వెళ్తారు. ఒక మే నెలలో మా పాపకి తొమ్మిది రోజులు ఆలస్యమైంది. ఏడో రోజుకి మెట్లెక్కలేకపోయింది. ఆ తొమ్మిది రోజులూ నేను ఫోన్ పట్టుకుని తెలిసినవాళ్లనీ తెలియనివాళ్లనీ బతిమాలుతూనే ఉన్నాను.

నేను ఆదివారాలు కొంతమందితో కలిసి సైకిల్ తొక్కుతుంటాను. ఆ మే తర్వాత మా గుంపులో, తలసీమియా పిల్లల కోసం సైకిల్ యాత్ర చేద్దామన్న మాట వచ్చింది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పాన్-మాస్ చాలెంజ్ అనే సైకిల్ యాత్ర ఉంది. బిల్లీ స్టార్ అనే ఆయన తల్లి క్యాన్సర్‌తో చనిపోతే, 1980లో 36 మంది స్నేహితులు, బంధువులతో కలిసి మొదలుపెట్టాడు. ఆ ఏడాది వాళ్లకి వచ్చింది 10,200 డాలర్లు. ఇప్పటికి మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది. అదంతా బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకి వెళ్తుంది. దాని గురించి చదివినప్పుడు నా మనసుకి బాగా పట్టిన సంగతి, సైక్లిస్టులు సేకరించిన ప్రతి పైసా ఆ పనికే వెళ్లేలా చూడటం. మేమూ అదే నియమం పెట్టుకున్నాం. తిండి, పడక, రిపేర్లు, వెనకాల వచ్చే వ్యాను డీజిల్ అన్నీ మా జేబులోంచే. చందా డబ్బులోంచి ఒక్క టీ కూడా తాగకూడదు అనుకున్నాం.

చందా ఎలా అడగాలన్నది బాబాయ్ గారి ఆలోచన. దారి సుమారు 640 కిలోమీటర్లు. కిలోమీటరు వెయ్యి రూపాయలకు అమ్ముదాం అన్నారు. ఆయన పాత పోస్టాఫీసు రిజిస్టరు లాంటి పుస్తకం ఒకటి కొని, 1 నుంచి 640 దాకా అంకెలు వేసి, ఎవరు ఏ కిలోమీటరు కొన్నారో చేత్తో రాశారు. కొంతమంది సొంతూరి దగ్గరి కిలోమీటరు అడిగారు. ఒకాయన తన కొడుకు ప్రమాదంలో చనిపోయిన చోటు అడిగారు. మా ఆఫీసులో ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మ కూకట్‌పల్లిలో ఉంటారు, పుట్టింది రావులపాలెం. ఆవిడ పెన్షన్‌లోంచి వెయ్యి పంపించి, సిద్ధాంతం వంతెన మీద కిలోమీటరు మా ఆయన పేరున రాయండి అన్నారు. రెండు నెలల్లో 640 కిలోమీటర్లూ అమ్ముడైపోయాయి. ఆరు లక్షల 40 వేలు.

సంక్రాంతి అయిన వారానికి, తెల్లవారుజామున 5 గంటలకు ఎల్బీ నగర్ నుంచి బయల్దేరాం. మొదటి రోజు లక్ష్యం సూర్యాపేట, 135 కిలోమీటర్లు. చౌటుప్పల్‌లో టిఫిన్ చేసేదాకా అందరం కలిసే ఉన్నాం. ఆ తర్వాత గట్టిగా తొక్కేవాళ్లు ముందుకెళ్లిపోయారు. వాళ్లలో నేనూ ఉన్నాను. రోడ్డు బాగుంది, చలి తగ్గింది, కాళ్లు చెప్పినట్టు వింటున్నాయి. మధ్యాహ్నం రెండింటికల్లా సూర్యాపేట ఫంక్షన్ హాలుకి చేరాం. స్నానాలు చేశాం, భోజనం చేశాం, పడుకున్నాం.

సాయంత్రానికి ఒక్కొక్కరే వచ్చారు. చీకటి పడింది. బాబాయ్ గారూ ఆ 19 ఏళ్ల కుర్రాడూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఏడున్నరకి వచ్చారు. అప్పటిదాకా మేం పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

జరిగింది ఇదీ. నకిరేకల్ దాటాక బాబాయ్ గారి వెనక టైరు పంక్చర్ అయింది. ట్యూబు మార్చారు. అరకిలోమీటరు వెళ్లేసరికి మళ్లీ గాలి పోయింది. ఇంకో ట్యూబు వేశారు, అదీ పోయింది. ఇక ట్యూబులు లేవు. వ్యాను మా ముందు జట్టుతో వెళ్లిపోయింది. ఇద్దరూ రెండు కిలోమీటర్లు నడిపించుకుంటూ పోతే రోడ్డు పక్కన లారీలకి పంక్చర్లు వేసే కొట్టు దొరికింది.

దీన్ని చూడండి. వెనకవాళ్లకి కనిపించదులెండి. వడ్లగింజంత పొడవున్న ఇనుప తీగ. లారీ టైర్లు పేలినప్పుడు వాటి లోపలి తీగ ఇలా ముక్కలు ముక్కలై హైవే అంచున పడుతుంది. సైకిళ్లు పోయేది ఆ అంచు మీదే. ఇది టైరులో దిగి లోపల వెంట్రుకంత కొస బయటపెట్టి కూర్చుంటుంది. చేత్తో తడిమితే తెలియదు. ఆ కొట్టతను చిటికెడు దూది తీసుకుని టైరు లోపల చుట్టూ మెల్లగా రాశాడట. ఒకచోట దూది పోగు చిక్కుకుంది. అక్కడ ఉంది తీగ. పట్టకారుతో పీకి, వీళ్ల చేతిలో పెట్టాడు.

పని చేస్తూ అడిగాడు, ఎక్కడినుంచి సార్, ఎక్కడికి అని. బాబాయ్ గారు చెప్పారు. రక్తమిస్తే నాలాంటోడు మళ్లా లారీ టైరు లేపగలడా సార్ అన్నాడతను. బాబాయ్ గారు అప్పటికి చాలాసార్లు రక్తం ఇచ్చిన మనిషి. తీసుకునేది 350 మిల్లీలీటర్లే తమ్ముడూ, ఆ రోజుకి బరువులెత్తకు, నీళ్లు బాగా తాగు, మర్నాడు నీ పని నువ్వు చేసుకో, మగాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు అని చెప్పారు. ఈలోగా ఒక లారీ ఆగింది. డ్రైవరు, క్లీనరు కూర్చున్నారు. పక్క పొలంలోంచి ఇద్దరు వచ్చారు. గంటన్నర మాట్లాడారట. 11 మంది కరపత్రాలు తీసుకున్నారు.

మర్నాడు పొద్దున సూర్యాపేటలో రక్తదాన శిబిరం. ఏడున్నరకి ఆ పంక్చర్ కొట్టతను ఇంకో ఇద్దర్ని బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. ముగ్గురూ రక్తం ఇచ్చారు.

నేను ఆ రోజు 135 కిలోమీటర్లు తొక్కాను. చౌటుప్పల్ తర్వాత దారిలో ఒక్క మనిషితో కూడా మాట్లాడలేదు. నా సంచీలో కరపత్రాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆ ముగ్గురు మంచాల మీద పడుకుని పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉంటే చూశాక, మొదటి రోజు యాత్ర చేసింది ఆ వెనకబడ్డ ఇద్దరేనని నాకు అర్థమైంది.

ఆ ఉదయమే కూర్చుని పద్ధతి మార్చేశాం. అందరం ఒకటిగానే వెళ్లాలి. వేగం బాబాయ్ గారిది. 20, 25 కిలోమీటర్లకోసారి, మనుషులున్న చోట ఆగాలి. చెట్టు నీడ చూసుకుని ఆగడం కాదు, టీ కొట్టు, బస్టాపు, రైతుబజారు చూసుకుని ఆగాలి. ఆగితే అరగంట. దీనికి ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఇలాగైతే అయిదు రోజుల్లో చేరలేం, సెలవులు చాలవు అన్నారు. వాళ్లు అన్నది నిజమే. అయిదు రోజులనుకున్నది ఆరు రోజులైంది. రెండో రాత్రికి విజయవాడ చేరాల్సినవాళ్లం నందిగామలో పడుకున్నాం. ఇద్దరు సెలవు దొరక్క విజయవాడ నుంచి బస్సెక్కి వెనక్కి వెళ్లిపోయారు. వాళ్లని పంపించడం చాలా కష్టంగా అనిపించింది.

కానీ మనుషులు మాట్లాడటం మొదలుపెట్టారు. కారులో వెళ్లి కరపత్రం ఇస్తే జనం తీసుకుని మడిచి జేబులో పెట్టుకుంటారు. సైకిల్ దిగి చెమట తుడుచుకుంటున్న మనిషి దగ్గరికి వాళ్లే వస్తారు. ముందు మంచినీళ్లు ఇస్తారు. తర్వాత టైరు నొక్కి చూస్తారు. గేర్లెన్ని, ఖరీదెంత అని అడుగుతారు. ఆ తర్వాత, ఎందుకమ్మా ఇంత కష్టం అంటారు. మనం చెప్పాల్సింది అప్పుడు మొదలుపెట్టాలి. అడిగినవాళ్లకి చెప్పిన మాట నిలబడుతుంది. కోదాడలో, జగ్గయ్యపేటలో, హనుమాన్ జంక్షన్‌లో ప్రతిచోటా ఇదే వరస.

ఏలూరు దాటాక ఎదురుగాలి పట్టుకుంది. ఆ కాలంలో కోస్తాలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, మేం పోయేదీ అటే. గాలిలో ఒంటరిగా తొక్కితే ప్రాణం పోతుంది. ఒకరి వెనక ఒకరు వరుసగా, ముందు చక్రానికి వెనక చక్రానికి మధ్య మూరెడు ఎడంతో వెళ్తే వెనకవాళ్లకి కష్టం బాగా తగ్గుతుంది. ముందున్నవాళ్లు గుంత వస్తే చెయ్యి చూపిస్తూ అరవాలి, రాంగ్ రూట్‌లో బండి వస్తే అరవాలి. అక్కడ మా పద్ధతి కాస్త మార్చుకున్నాం. గాలికి ఎదురు నిలబడేది గట్టివాళ్లు, అయిదేసి నిమిషాలు వంతులవారీగా. వేగం మాత్రం వెనక నుంచి బాబాయ్ గారు చెప్పినట్టు.

సిద్ధాంతం దగ్గర గోదావరి వంతెన మీద ఆగడానికి లేదు, లారీలు రాసుకుంటూ పోతాయి. దాటాక పక్కకి ఆగి, బాబాయ్ గారు పుస్తకం తీసి ఆ కిలోమీటరు పేరు చదివారు. కూకట్‌పల్లిలో ఉన్న పెద్దావిడకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాం. ఆవిడ మా గురించి ఏమీ అడగలేదు. "నీళ్లున్నాయా అమ్మా?" అన్నారు. ఇసక తిన్నెల మధ్య పాయలుగా ఉన్నాయండీ అని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, సరే జాగ్రత్తగా వెళ్లండి అని పెట్టేశారు.

అంతకు ముందు, అదే రోజు తణుకులో జరిగింది మీకు వివరంగా చెప్పాలి.

ఇడ్లీ బండి దగ్గర ఆగాం. బండి నడిపే ఆవిడకి నలభై అయిదేళ్లుంటాయి. అందరికీ వడ్డిస్తూనే నేను చెప్పేదంతా వింది. జనం తగ్గాక చెయ్యి కడుక్కుని నా పక్కకొచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "మా అమ్మాయిని మా తమ్ముడి కొడుక్కి ఇస్తున్నామండీ. వైశాఖంలో ముహూర్తం. ఆ పరీక్షకి ఎంతవుద్ది?" ప్రైవేటు ల్యాబుల్లో వెయ్యికి కాస్త అటూ ఇటూగా అవుతుంది, క్యారియరా కాదా అని తేల్చే ఆ పరీక్షని హెచ్‌బీ ఏ2 పరీక్ష అని అడగాలి అని చెప్పాను. డబ్బు గురించి కాదట ఆవిడ బెంగ. "మా పిల్లకి అది ఉందని తేలితే? రేపు తమ్ముడు వద్దంటే? ఊళ్లో ఇంకెవరు చేసుకుంటారు?"

అప్పటిదాకా ప్రతిచోటా నేను పెళ్లికి ముందు ఇద్దరూ పరీక్ష చేయించుకోండి అని చెప్తూ వచ్చాను. ఆ మాట వినేవాళ్ల ఇంట్లో ఏమవుతుందో ఆలోచించలేదు. క్యారియర్ అంటే జబ్బు మనిషి కాదని మనం ఎంత చెప్పినా, ఊళ్లో ఆ పేరు ఆడపిల్లకే అంటుకుంటుంది. సైప్రస్ అనే చిన్న దేశంలో ఒకప్పుడు ఈ జబ్బు చాలా ఎక్కువ. అక్కడి చర్చి, పెళ్లికి ముందు ఈ పరీక్ష సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది. దాదాపు అందరూ చేయించుకున్నారు, పెళ్లిళ్లు మాత్రం ఆగలేదు. ఇద్దరూ క్యారియర్లయితే కడుపులో బిడ్డకి మూడో నెలలోనే పరీక్ష చేయించుకున్నారు. ఈ జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపుగా లేకుండా పోయారు. ఇదంతా నాకు తెలుసు. కానీ తణుకు రోడ్డు మీద ఇడ్లీ బండి ఆవిడకి సైప్రస్ కథ ఏం పనికొస్తుంది?

బాబాయ్ గారు పక్కనే టీ తాగుతున్నారు. ఆయన అన్నారు, "అమ్మా, ముందు మీ మేనల్లుడికి చేయించండి. అతనికి లేకపోతే మీ అమ్మాయికి పరీక్షే అక్కర్లేదు కదా." ఆవిడ నా మొహం చూసింది, నిజమేనా అన్నట్టు. నిజమే. ఇద్దరిలో ఒకరికి లేదని తేలితే చాలు, పిల్లలకి ఈ జబ్బు వచ్చే అవకాశం ఉండదు. ఇన్నేళ్లుగా ఈ జబ్బు గురించి చదువుతున్నాను, ఈ చిన్న మాట నాకు తట్టలేదు. ఆవిడ నా నంబరు రాసుకుంది. మా తమ్ముడితో నేనే మాట్లాడతానండీ, మగపిల్లాడికంటే ఎవరూ ఏమీ అనుకోరు అంది.

మిగతా దారి గబగబా చెప్పేస్తాను. రావులపాలెంలో అరటిపళ్ల మార్కెట్‌వాళ్లు మాకు ఒక గెల ఇచ్చారు. రాజమండ్రిలో శిబిరం బాగా జరిగింది. అన్నవరంలో విస్తరాకులో కట్టిన ప్రసాదం తిని, కొండ కింద సత్రంలో పడుకున్నాం. ఆఖరి రోజు తుని, అనకాపల్లి మీదుగా సాయంత్రం అయిదింటికి విశాఖ బీచ్ రోడ్డుకి 21 మందిమీ ఒక్కసారే చేరాం. మా అన్నయ్య, వదిన, పాప రైల్లో వచ్చి ఉన్నారు. పాప బాబాయ్ గారి రిజిస్టరు తీసుకుని 640వ కిలోమీటరు పేరు తనే గట్టిగా చదివింది.

మీలో ఎవరికైనా ఇలాంటి యాత్ర చేయాలని ఉంటే రెండు మూడు జాగ్రత్తలు. యాత్రకి ముందు నెల రోజుల్లో సైక్లిస్టులు రక్తం ఇవ్వకండి. ముందే ఇచ్చేసి ఉండండి, లేదా తిరిగొచ్చాక ఇవ్వండి. చీకట్లో తొక్కొద్దు. ఎంత బాగా తొక్కేవాళ్లయినా మూడు నెలలు కలిసి సాధన చేయండి. వ్యాను ఎప్పుడూ ఆఖరి సైకిల్ వెనకే ఉండాలి. డబ్బు లెక్క ఇచ్చినవాళ్లందరికీ పైసాతో సహా పంపించండి. మేం సేకరించింది పిల్లల మాత్రలకి, హెచ్‌బీ ఏ2 పరీక్షలకి ఖర్చయింది. ఆ కాగితాలు నా దగ్గరున్నాయి, ఎవరైనా చూడొచ్చు.

మార్చిలో తణుకు నుంచి ఫోన్ వచ్చింది. మేనల్లుడికి పరీక్ష చేయించారు. లేదని వచ్చింది. ఆవిడ గొంతు వినగానే సంగతి తెలిసిపోయింది నాకు. శుభలేఖ వాట్సాప్‌లో పంపించింది.

అప్పటి నుంచి మేం ఎక్కడ పరీక్షలు పెట్టినా మగపిల్లల వరసే ముందు పెడుతున్నాం. రేపు ఇక్కడ కూడా అంతే. ప్రిన్సిపాల్ గారు కెమిస్ట్రీ ల్యాబ్ పక్క గది ఇచ్చారు. పొద్దున 9 నుంచి 1 దాకా. రెండు మిల్లీలీటర్ల రక్తం తీస్తారు, పరగడుపున రావక్కర్లేదు. రిపోర్టు మీ చేతికే ఇస్తాం, నోటీసు బోర్డు మీద పెట్టం. అబ్బాయిలు ముందు రండి. పేర్లు రాసుకోవడానికి బాబాయ్ గారు వరండాలో రిజిస్టరు పట్టుకుని కూర్చున్నారు.